“వదిలేస్తే వైరస్ తనంతట తానే తగ్గుతుంది” అనే వాదనకు వరంగల్ నుంచి ఒక సమాధానం

పరకాల నుంచి ఒక ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్న ఇది. “మళ్లీ కోవిడ్ లాంటి మహమ్మారి వస్తే ఏం చేయాలన్నదానిపై మా ఇంట్లో వాదన తెగడం లేదు. హనుమకొండలో బట్టల దుకాణం నడిపే మా బావమరిది, దుకాణాలు మూయడం శుద్ధ దండగ అంటాడు. వయసులో ఉన్నవాళ్లకు సోకనిస్తే సామూహిక రోగనిరోధకత వచ్చి వైరస్ ఆగిపోతుందట, పరీక్షలు చేస్తే కేసుల సంఖ్య పెరగడం తప్ప ఒరిగేది లేదట. నేనేమో మొదటి రోజే అన్నీ మూసేయాలి, అందరికీ పరీక్షలు చేయాలి అంటాను. మేడారం జాతర కూడా ఆపాల్సిందేనా అని అతను ఎదురు ప్రశ్న వేస్తే నా దగ్గర జవాబు లేదు. ఎవరి మాట సరైనది?”

మాస్టారూ, మీ ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా గెలిపించలేను. అయితే ఇద్దరి తప్పుల బరువూ ఒకటి కాదు. మీ మాట విని నడిస్తే కూలి దొరకని ఇళ్లలో పొయ్యి వెలగదు. మీ బావమరిది మాట విని నడిస్తే ఆసుపత్రి గేటు ముందే మనుషులు పోతారు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాలో అంటువ్యాధుల నిఘా పనిలోనే గడిపాను కనుక, ఈ వాదనను టీ కొట్టు నుంచి కలెక్టరేట్ సమావేశాల దాకా విన్నాను. రోగనిరోధకత, పరీక్షలు, ఆంక్షలు అనే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలన్నట్టే అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో ఆ మూడూ ఒకే పనిలోని భాగాలు. ఆంక్షలతో గడువు దొరుకుతుంది. ఆ గడువును ఎక్కడ వాడాలో పరీక్షలు చెబుతాయి. టీకా చేతికందేదాకా ఎక్కువమందిని ప్రాణాలతో నిలబెట్టడానికే ఆ గడువు.

ముందు మీ బావమరిది లెక్క చూద్దాం. ఆయన గాలిలోంచి తీసిన మాట కాదది. ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్న సంఖ్య రెండున్నర అనుకుంటే, జనాభాలో 60 శాతానికి రోగనిరోధకత ఉన్నప్పుడు ఆ రెండున్నర ఒకటికి పడిపోతుంది. అక్కడి నుంచి వ్యాప్తి తగ్గుముఖం పడుతుంది. 2020 మార్చి 13న బ్రిటన్ ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు పాట్రిక్ వాలెన్స్ నోట వచ్చింది కూడా ఈ 60 శాతమే. తట్టు విషయంలో ఒక రోగి అంటించేవాళ్ల సంఖ్య 12 నుంచి 18 దాకా ఉంటుంది కాబట్టి, అక్కడ 90 శాతం దాటితే గానీ రక్షణ రాదు. పిల్లల టీకాల విషయంలో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ పట్టుకుని తిరిగేది అందుకే.

ఈ లెక్కలో చాలామంది చూడనిది ఒకటుంది. 60 శాతం దగ్గర వ్యాప్తి తగ్గడం మొదలవుతుంది, ఆగిపోదు. ఆ రోజున ఊరిలో వైరస్‌తో ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు. ఒక్కొక్కరు ఒకరికంటే తక్కువమందికే అంటించినా, ఆ వేలమంది అంటించేది తక్కువేమీ కాదు. అడ్డూ ఆపూ లేకుండా వదిలేస్తే, రెండున్నర సంఖ్య ఉన్న వైరస్ చివరికి దాదాపు 89 శాతం మందిని తాకి గానీ పోదు. అంటే 60 దగ్గర ఆగుతుందనుకుని మొదలుపెట్టినవాడు మరో 29 శాతం మందికి అనవసరంగా జబ్బు తెచ్చిపెట్టినట్టే. అదే 60 శాతానికి నెమ్మదిగా, అదుపులో చేరితే ఈ అదనపు నష్టం తగ్గుతుంది. వేగంలో ఉన్న తేడా ఇదే.

వేగం ఆసుపత్రులను ఏం చేస్తుందో లెక్కేసి చూపిస్తాను. అంకెలు నేను ఊహించుకున్నవే, మీరు మార్చి వేసుకోవచ్చు. పది లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో ఆరు లక్షల మందికి సోకిందనుకుందాం. వాళ్లలో నూటికి ఇద్దరికి పడక అవసరమైతే 12 వేల మంది. ఒక్కొక్కరు పది రోజులు ఉంటే లక్షా ఇరవై వేల పడక రోజులు. ఇదంతా రెండు నెలల్లో జరిగిపోతే రోజుకు సగటున 2,000 పడకలు కావాలి, ఉద్ధృతి రోజుల్లో ఇంకా ఎక్కువ. అదే 600 రోజుల్లో పరచుకుంటే రోజుకు 200 చాలు. మన ఎంజీఎం సుమారు వెయ్యి పడకల ఆసుపత్రి. దానికి ఉమ్మడి వరంగల్ నుంచే కాదు, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచీ రోగులు వస్తారు. మహమ్మారి వచ్చిందని కాన్పులు ఆగవు, పాము కాట్లు ఆగవు, గుండెపోట్లు వాయిదా పడవు. కాబట్టి మరణాల రేటు అన్నది వైరస్‌కు పుట్టుకతో వచ్చిన అంకె కాదు. ఆక్సిజన్ అందితే బతికేవాడు అందకపోతే చనిపోతాడు, అంతే.

ఇక రోగనిరోధకత ఒకసారి వస్తే నిలిచిపోతుందన్న నమ్మకం. బ్రెజిల్‌లో మనాస్ నగరం కథ ఈ వాదనలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. రక్తదాతల నమూనాలను బట్టి 2020 అక్టోబరు నాటికే అక్కడ నాలుగింట మూడొంతుల మందికి వైరస్ సోకి ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. పుస్తకం లెక్కన ఆ ఊరికి ఇక భయం ఉండకూడదు. 2021 జనవరిలో కొత్త రకం వైరస్‌తో మొదటిదానికంటే భయంకరమైన ఉద్ధృతి వచ్చింది, ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. అంచనా ఎక్కువైందా, రోగనిరోధకత తరిగిపోయిందా, కొత్త రకం దాన్ని దాటేసిందా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. మూడింటిలో ఏది నిజమైనా మీ బావమరిది పథకానికి గండే.

అంత దూరం పోనక్కర్లేదు. ఐఐటీ హైదరాబాద్ ఆచార్యుడు ఎం.విద్యాసాగర్ నేతృత్వంలోని జాతీయ కమిటీ 2020 అక్టోబరులో ఒక గణిత నమూనా విడుదల చేసింది. దేశంలో సుమారు 30 శాతం మందికి అప్పటికే సోకిందని, జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి నాటికి మహమ్మారి అదుపులోకి వస్తుందని అందులో ఉంది. ‘జాగ్రత్తలు కొనసాగితే’ అన్న షరతు ఎవరికీ గుర్తులేదు, ఫిబ్రవరి మాత్రం అందరికీ గుర్తుంది. ఆ చలికాలంలో పెళ్లిళ్లు ఎలా జరిగాయో మీకు నేను చెప్పాలా?

మన జిల్లాల అంకెలు అప్పటికే వేరే మాట చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రక్తంలో యాంటీబాడీలను వెతికిన సీరో సర్వేల్లో తెలంగాణ నుంచి తీసుకున్న మూడు జిల్లాలు జనగామ, కామారెడ్డి, నల్లగొండ. ఆ మూడు చోట్ల యాంటీబాడీలు ఉన్నవాళ్లు 2020 మేలో 0.33 శాతం, ఆగస్టులో 12.5 శాతం, డిసెంబరులో 24.1 శాతం. అంటే ‘అయిపోయింది’ అనుకున్న రోజుల్లో కూడా నలుగురిలో ముగ్గురికి వైరస్ ఇంకా తగల్లేదు. తర్వాత డెల్టా వచ్చింది. 2021 జూన్ సర్వేలో అదే అంకె 60 శాతానికి ఎగబాకింది. అందులో కొంత టీకాల వల్ల వచ్చిందే అయినా, మిగిలినదానికి మనం చెల్లించిన మూల్యం ఆ ఏప్రిల్, మే నెలలే. పైగా డెల్టా ఒకరి నుంచి ఐదారుగురికి పాకేది కాబట్టి, 60 శాతం గీత కూడా 80 దాటి పైకి జరిగిపోయింది. గమ్యమే కదులుతుంటే అక్కడికి పరుగెత్తాలన్న సలహా ఎలా ఇస్తాం?

వృద్ధులను విడిగా ఉంచి మిగతావాళ్లను వదిలేద్దామన్నది ఇదే వాదనకు మర్యాదైన రూపం. 2020 అక్టోబరులో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్ అనే ఊరిలో కొందరు శాస్త్రవేత్తలు దీన్ని ప్రకటనగా విడుదల చేశారు, పది రోజుల్లోనే మరికొందరు లాన్సెట్ పత్రికలో ‘జాన్ స్నో’ పేరుతో ఎదురు ప్రకటన ఇచ్చారు. ఆ చర్చ అంతా చదివాక నాకు కలిగిన సందేహం చిన్నది. శివనగర్‌లోనో రంగశాయిపేటలోనో రెండు గదుల ఇంట్లో నాయనమ్మను ఏ గదిలో పెడతారు? ఆమెకు అన్నం ఎవరు పెడతారు? బీపీ మాత్రలు ఎవరు తెస్తారు? బయట తిరిగి వచ్చిన మనవడే. మన జిల్లాల్లో నలభై ఏళ్లకే షుగరు ఉన్నవాళ్లు, అది ఉందని తెలియనివాళ్లు ఎంతమందో పీహెచ్‌సీలో కూర్చున్న ఏ వైద్యుణ్ని అడిగినా చెబుతాడు. ఎవరిని విడిగా ఉంచాలో తెలియనప్పుడు విడిగా ఉంచడం మాటలకే పరిమితం.

స్వీడన్ సంగతి మీ బావమరిది తప్పకుండా ఎత్తుతాడు, సిద్ధంగా ఉండండి. స్వీడన్ కఠిన లాక్‌డౌన్ పెట్టని మాట నిజం. మామూలుగా జరిగేవాటికి మించిన మరణాలను మూడేళ్లకు కలిపి చూస్తే ఐరోపాలో తక్కువ నష్టపోయిన దేశాల్లో అదీ ఒకటన్నదీ నిజం. దీన్ని ఒప్పుకోకుండా వాదిస్తే మీరే ఓడిపోతారు. అయితే 2020లో పక్కనున్న నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్‌లకంటే అక్కడ చాలా ఎక్కువమంది చనిపోయారు. ముఖ్యంగా వృద్ధాశ్రమాల్లో. ఆ డిసెంబరులో వాళ్ల రాజే ‘మనం విఫలమయ్యాం’ అన్నాడు. పైగా వాళ్లు వదిలేసి కూర్చోలేదు. 50 మందికి మించిన సభలను నిషేధించారు, పెద్ద తరగతుల చదువును ఇంటికి మార్చారు, జబ్బు చేసి ఇంట్లో ఉన్నవాళ్లకు మొదటి రోజు నుంచే డబ్బు ఇచ్చారు. అక్కడ ఒంటరిగా ఉండే ఇళ్లే ఎక్కువ. బట్టల దుకాణంలో పనిచేసే కుర్రాడికి జ్వరమొస్తే జీతం కోయకుండా వారం రోజులు ఇంట్లో ఉండమనగలరా అని మీ బావమరిదిని అడగండి. ఉండమంటానంటే అప్పుడు స్వీడన్ గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు మీ వైపు. మొదటి రోజే అన్నీ మూసేయడం అన్నది భయంలోంచి పుట్టిన మాట. 2020 మార్చిలో మన పల్లెల్లో దారులకు అడ్డంగా ముళ్లకంపలు వేశారు, కొన్నిచోట్ల రోడ్లే తవ్వేశారు. పొరుగూరివాడు రాకుండా ఆపారు సరే, అంబులెన్సు కూడా రాలేకపోతే? లాక్‌డౌన్ అప్పు లాంటిది. అది వైరస్‌ను చంపదు, ఆసుపత్రి నిండే రోజును వెనక్కి నెడుతుంది. అప్పు తెచ్చిన సొమ్ముతో విత్తనాలు కొన్నామా, విందు పెట్టామా అన్నదే ప్రశ్న. వడ్డీ కట్టేది మాత్రం మొదట రోజుకూలీలే. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో కొంత విత్తనం కొన్నాం. మొదట్లో నమూనాలన్నీ హైదరాబాద్ పోవాల్సి వచ్చేది, ఆ వేసవిలోనే కాకతీయ మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో పరీక్షలు మొదలయ్యాయి. రక్షణ దుస్తులు, మాస్కులు దేశంలోనే తయారయ్యాయి. కానీ కేసులు తగ్గిన ఆ చలికాలం నెలలు ఏ అప్పూ లేకుండా దొరికిన గడువు. దాన్ని ఆక్సిజన్ కోసం వాడుకోలేదు. 2021 ఏప్రిల్‌లో బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపాల్సి వచ్చిందంటే కారణం అదే.

ఆంక్షల్లోనూ తెలివైనవి, తెలివితక్కువవి ఉంటాయి. 2021లో రాష్ట్రంలో రోజువారీ కేసులు ఏప్రిల్ చివరి వారంలోనే పది వేలు దాటాయి. లాక్‌డౌన్ వచ్చింది మే 12న. ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. ఫలితం ఊహించడానికి వైద్యుడే కానక్కర్లేదు: రోజంతా విడివిడిగా వచ్చే జనం నాలుగు గంటల్లో ఒకే సందులో ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడ్డారు. మే నెలాఖరులో సడలింపును మధ్యాహ్నం ఒంటి గంట దాకా పెంచాక కాస్త ఊపిరాడింది. గాలి ద్వారా పాకే వైరస్‌ను ఆపాలంటే జనాన్ని ఎక్కువ సమయంలోకి, ఎక్కువ చోట్లలోకి పరచాలి.

ఆ పని సరిగ్గా జరిగిన సందర్భం కూడా ఉంది, దాన్ని ఎవరూ గుర్తుచేసుకోరు. 2020 యాసంగి ధాన్యాన్ని ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టి, టోకెన్లు ఇచ్చి కొన్నారు. రైతులందరూ పెద్ద మార్కెట్లకు బండ్లు కట్టుకు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎనుమాముల మార్కెట్‌ను సీజన్లో చూసినవాళ్లకు తెలుసు. అదీ ఆంక్షే. కానీ ఎవరి పనీ ఆగలేదు. మిర్చి రైతులకు మాత్రం అంత అదృష్టం లేదు, కోల్డ్ స్టోరేజీల చుట్టూ తిరిగారు.

బడుల గురించి మీకు నాకంటే ఎక్కువ తెలుసు కాబట్టి రెండే మాటలు. 2020 సెప్టెంబరు నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు చెప్పారు, కానీ టీవీ ముందు కూర్చున్న మూడో తరగతి పిల్లవాడికి చదవడం రాలేదు. మూసేవాటిలో బడి చివరిది, తెరిచేవాటిలో మొదటిది కావాలని నా అభిప్రాయం. మన దగ్గర బార్లు ముందు తెరుచుకున్నాయి.

పరీక్షల దగ్గరికి వద్దాం. వాదనలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పరీక్ష చేస్తే కేసులు పెరుగుతాయనడం, థర్మామీటరు పెడితేనే జ్వరం వస్తుందనడంతో సమానం. 2020లో రాష్ట్రంలో పరీక్షలు మరీ తక్కువగా జరుగుతున్నాయని హైకోర్టు పలుమార్లు మందలించింది. 2021 జూన్ సీరో సర్వే నాటికి రాష్ట్రంలో నమోదైన కేసులు ఆరు లక్షల పైచిలుకు. యాంటీబాడీలున్న 60 శాతం అంటే రెండు కోట్ల పైమాట. టీకావాటా తీసేసినా, మనకు కనిపించినది కొండంతలో గోరంత.

అయితే ‘అందరికీ పరీక్షలు’ అన్న మీ నినాదమూ నిలవదు. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ అనుమతించిన ర్యాపిడ్ యాంటీజెన్ కిట్ నిజంగా వైరస్ ఉన్నవాళ్లలో 50 నుంచి 84 శాతం మందినే పట్టుకుంటుంది. లేనివాళ్లలో వెయ్యికి ఏడుగురి దాకా ఉందని చెప్పే అవకాశముంది. పది వేల మందిలో నూరుగురికే వైరస్ ఉందనుకోండి. కిట్ 60 శాతం పడుతుందనుకుంటే 60 మంది దొరుకుతారు, 40 మంది తప్పించుకుంటారు, ఏ జబ్బూ లేని 69 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్‌లలో సగానికి పైగా అబద్ధం. అదే పది వేలల్లో రెండు వేల మందికి ఉన్న ఉద్ధృతి రోజుల్లో పాజిటివ్ దాదాపు ఎప్పుడూ నిజమే, కానీ 800 మంది ‘నెగెటివ్ వచ్చింది’ అనుకుంటూ పెళ్లికి పోతారు. ఒకే కిట్, ఊరిలో వ్యాధి ఎంత ఉందన్నదాన్ని బట్టి దాని మాటకు విలువ మారిపోతుంది. లక్షణాలుండి యాంటీజెన్ నెగెటివ్ వస్తే ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయాలన్న నిబంధన అందుకే పెట్టారు. ఎంతమందికి చేశారన్నది వేరే ప్రశ్న.

ఆర్‌టీపీసీఆర్‌కు వేరే జబ్బు ఉంది: ఆలస్యం. లక్షణాలు కనబడటానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి అంటించడం మొదలుపెడతాడు. ఫలితం నాలుగో రోజు ఫోనుకు వస్తే అది రికార్డుకు పనికొస్తుంది, ఇంట్లోవాళ్లకు కాదు. అందువల్ల నన్నడిగితే, వ్యాధి తక్కువగా ఉన్నప్పుడే పరీక్షలకు అసలు బలం. 2020 మార్చిలో కరీంనగర్‌లో విదేశీ ప్రయాణికుల బృందంలో వైరస్ బయటపడగానే వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగి, వాళ్లను కలిసినవాళ్లను వెతికి విడిగా ఉంచాయి. అక్కడ అది పెద్ద మంటగా మారలేదు. ఒక పట్టణంలో కొన్ని వీధులు మూసి పని చక్కబెట్టగలిగినప్పుడు దేశమంతా మూయాల్సిన అవసరం ఎందుకొస్తుంది? వెతకడం ఆలస్యమైనప్పుడే.

ఉద్ధృతి మొదలయ్యాక మాత్రం పరీక్ష కోసం వరుసలో నిలబెట్టడమే రోగాన్ని పంచడం. అప్పుడు 2021 మేలో మొదలైన జ్వర సర్వే లాంటిది నయం. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటికి వచ్చి జ్వరం, దగ్గు అడిగి, ఫలితం కోసం చూడకుండా మందుల కిట్ చేతికిచ్చి ఇంట్లోనే ఉండమన్నారు. దాని వల్ల మరణాలు ఎన్ని తగ్గాయో కొలిచి చెప్పలేం. ఆ కిట్‌లోని కొన్ని మాత్రలకు వైరస్‌పై ప్రభావం లేదని తర్వాత తేలింది కూడా. కానీ మనిషి ముందే ఇంట్లో ఆగాడు, ఎవరికి ఆయాసం పెరుగుతోందో ఊళ్లో తెలిసింది. ఇంటింటి పరీక్ష లేకుండానే మురుగునీటిలో వైరస్ జాడను కొలిచే పద్ధతిని పరిశోధన సంస్థ సీసీఎంబీ 2020లోనే హైదరాబాద్‌లో చేసి చూపించింది. అది వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ కాలువల్లో శాశ్వతంగా ఉండాలని నేను చాలా సమావేశాల్లో అడిగాను. ఖర్చు పెద్దది కాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టనక్కర్లేదు.

చివరగా మేడారం. 2020 జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా జరిగింది. దేశంలో మొదటి కేసు కేరళలో జనవరి 30న, తెలంగాణలో మొదటిది మార్చి 2న. కొన్ని వారాల తేడాతో బయటపడ్డాం. అది మన తెలివి కాదు. 2022 జాతర ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా, ఒమిక్రాన్ దిగిపోతున్న రోజుల్లో వచ్చింది. అప్పటికి పెద్దల్లో దాదాపు అందరికీ కనీసం ఒక డోసు అందింది, చాలామందికి డెల్టా కూడా తగిలి ఉంది. జాతర తర్వాత ఉప్పెన ఏదీ రాలేదు. మీ బావమరిది చెప్పే సామూహిక రోగనిరోధకతను కళ్లారా చూడాలంటే అదే, కాకపోతే అందులో టీకా భాగం ఎంతో ఆయన మరచిపోకూడదు.

మాఘ పౌర్ణమిని బట్టి పూజారులు నిర్ణయించే తేదీని కలెక్టరు ఉత్తర్వుతో మార్చలేరు, మార్చబోతే ఎవరూ వినరు. కాబట్టి ఆపడం గురించి వాదించడం వృథా, పరచడం గురించి ఆలోచించాలి. రద్దీకి భయపడే భక్తులు ఇప్పటికీ నెల ముందు నుంచే వెళ్లి మొక్కులు చెల్లిస్తున్నారు. వృద్ధులను, షుగరు ఉన్నవాళ్లను ఆ రోజుల్లోనే వెళ్లమని చెప్పాలి. 2022లో ఆర్టీసీ కార్గో ద్వారా భక్తుల బంగారాన్ని, అదే బెల్లాన్ని, అమ్మవార్లకు చేర్చింది. వెళ్లలేనివాళ్లకు ఆ దారి ఉంది. అడవిలో ఆరుబయట గద్దెల దగ్గరికంటే అక్కడికి చేర్చే కిక్కిరిసిన బస్సులోనే ప్రమాదం ఎక్కువ. పండుగకు రెండు వారాల ముందు ములుగు, వరంగల్ మురుగునీటిలోనో, జ్వరంతో వచ్చినవాళ్ల పరీక్షల్లోనో వైరస్ వేగంగా పెరుగుతున్నట్టు కనిపిస్తే, అదనపు బస్సులను నాలుగు రోజుల్లో కుక్కకుండా మూడు వారాలకు పంచమనీ, ఒక్కో బస్సులో ఎక్కేవాళ్ల సంఖ్య తగ్గించి కిటికీలు తెరిచి నడపమనీ ఆర్టీసీకి రాసేవాణ్ని. బావమరిది దుకాణం ముందు బారికేడు పెట్టమని మాత్రం రాసేవాణ్ని కాదు.